బటర్ పేపర్ మీద తలకిందుల వేపచెట్టు

ప్రశ్న: మాస్టారూ, జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతున్నాను. మా మామయ్య ఫొటో స్టూడియో మూసేస్తూ రెండు పాత కెమెరాలు నాకిచ్చారు. ఒకటి 50 మి.మీ. లెన్సున్న యాషికా ఎఫ్‌ఎక్స్-3 సూపర్ 2000. రెండోది లోపలే ఫ్లాష్ ఉన్న చిన్న కెమెరా. వీటిని విప్పి చూపిస్తే పిల్లలకి కటకాల పాఠం బాగా అర్థమవుతుందా?
– ఒక టీచర్, పార్వతీపురం

జవాబు: విప్పకండమ్మా. ఆ ఫ్లాష్ కెమెరా జోలికైతే అసలు వెళ్ళొద్దు. బ్యాటరీ తీసేసినా దాని కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా ఛార్జి మిగిలి ఉండొచ్చు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను అలాంటిదాన్ని పిల్లల ముందే స్క్రూడ్రైవర్‌తో తెరిచాను. మోచేతి దాకా షాక్ కొట్టింది. పక్కనున్న పిల్లవాడి వేలు తగిలి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ భయం వేస్తుంది.

యాషికా మాత్రం వదులుకోకండి. దాని షట్టర్‌కి బ్యాటరీ అక్కర్లేదు. లోపల రీలు లేదని చూసుకుని వెనక తలుపు తెరవండి. ఫిల్ము పరుచుకునే చోట బటర్ పేపర్ ముక్క అంటించండి, షట్టర్‌కి తగలకూడదు సుమా. స్పీడు చక్రాన్ని ‘బి’ దగ్గర, లెన్సు రంధ్రాన్ని పెంచి తగ్గించే రింగును అన్నిటికన్నా చిన్న అంకె దగ్గర పెట్టండి. లివరు లాగి, బటన్ నొక్కి పట్టుకోండి. వదిలితే షట్టర్ మూసుకుపోతుంది. గది చీకటి చేసి, తెరిచి ఉంచిన ఒక్క కిటికీ వైపు కెమెరా పెట్టి, వెనక నుంచి నల్ల దుప్పటి కప్పుకుని చూడమనండి. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పొద్దు.

మా బడి ఆవరణలో వేపచెట్టు ఉండేది. అది ఆ చిన్న కాగితం మీద రంగులతో సహా తలకిందులుగా పడింది. మొదట చూసిన అమ్మాయి ‘సార్, ఆకులు కదులుతున్నాయి’ అని అరిచింది. ఏళ్ళ తరబడి బోర్డు మీద బాణం గుర్తుతో నేను గీసిన నిజ ప్రతిబింబం ఒక్కసారీ కదల్లేదు.

ఇక కొలిపించండి. లెన్సుకి మీటరు దూరంలో 30 సెం.మీ. స్కేలు నిలబెట్టి, దాని మీద టార్చి వెలుగు పడనిచ్చి, ఫోకస్ చేయించండి. కాగితం మీద స్కేలు పొడవు సుమారు 16 మి.మీ. వస్తుంది. కటక సూత్రంలో వేస్తే ప్రతిబింబ దూరం 52.6 మి.మీ. చెట్టుకైతే దాదాపు 50. అంటే ఫోకస్ రింగు తిప్పినప్పుడు లెన్సు రెండున్నర మిల్లీమీటర్ల పైచిలుకు ముందుకు వచ్చింది. ఆ జరగడాన్ని పిల్లలు స్కేలుతో కొలవగలరు. లెక్కా కొలతా దగ్గరకొచ్చినప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి మీరు.

ఆ వెంటనే కంటి పాఠం ఎత్తుకోండి. ‘కన్ను కెమెరా లాంటిది’ అని చెప్పి ఊరుకుంటాం. నాకది నచ్చదు, అసలైన తేడా అక్కడే దాక్కుంటుంది. కెమెరాలో నాభ్యంతరం (మీ లెన్సుకి 50 మి.మీ.) మారదు, ప్రతిబింబ దూరం మారుతుంది. కంట్లో ప్రతిబింబ దూరం 2.5 సెం.మీ. దగ్గర స్థిరం, కంటి కటకాన్ని పట్టుకుని ఉండే సిలియరీ కండరాలు నాభ్యంతరాన్ని 2.27 నుంచి 2.5 సెం.మీ. మధ్య మారుస్తాయి. ఫోకస్ రింగు తిప్పిన చేతికి ఈ మాట ఇట్టే ఎక్కుతుంది.

రంధ్రం రింగు మీది 4, 5.6, 8 అంకెలూ వదలకండి. నాభ్యంతరాన్ని అంకెతో భాగిస్తే రంధ్రం వ్యాసం వస్తుంది: 4కి 12.5 మి.మీ., 8కి 6.25. వ్యాసం సగమైతే వెలుగు నాలుగో వంతవుతుంది, కాగితం మీద ఆ వెలుగు తగ్గడం కనిపిస్తుంది.

‘వెనక తలకిందులుగా ఉంటే, పైన కన్ను పెట్టి చూసే చోట చెట్టు నిటారుగా ఎలా ఉంది టీచర్?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. జవాబు చెప్పేయకండి. లెన్సు తీసి వాళ్ళ చేతికివ్వండి. లోపల ఏటవాలుగా ఉన్న అద్దాన్ని, దానిపైన గాజు పట్టకం ఉండే చోటును వాళ్ళనే కనిపెట్టనివ్వండి. అద్దాన్ని వేలితో తాకకుండా చూస్తే చాలు.