కాలిఫోర్నియాలో నేటివ్ అమెరికన్ తెగలకు పంపిన నోటీసుకు జవాబు రాకపోతే తవ్వకం మొదలుపెట్టవచ్చా?

మీ ఇళ్ల ప్రాజెక్టుకు కౌంటీ, తెగలను సంప్రదించాలనే రాష్ట్ర చట్టమైన ఏబీ 52 కింద నోటీసులు పంపి 30 రోజులు దాటినా ఏ తెగా స్పందించలేదనీ, కాబట్టి ఆ విషయం ముగిసినట్లేనని మీ మేనేజరు అంటున్నారనీ రాశారు. ఆ మాట సగమే నిజం. ఇక్కడ పర్యావరణ సమీక్షలు తయారుచేసే ఉద్యోగంలో ఉన్నందువల్ల నేను చూసినది చెబుతున్నాను.

2015 జూలై 1 నుంచి అమలవుతున్న ఏబీ 52 ప్రకారం, తెగల సాంస్కృతిక వనరులకు కలిగే గణనీయమైన నష్టాన్ని పర్యావరణ నష్టంగానే లెక్కించాలి. దరఖాస్తు సంపూర్ణంగా ఉందని తేలిన 14 రోజుల్లో, ముందే రాతపూర్వకంగా కోరిన తెగలకు లీడ్ ఏజెన్సీ (ప్రాజెక్టు సమీక్షకు ప్రధాన బాధ్యత వహించే ప్రభుత్వ సంస్థ, మీ విషయంలో కౌంటీ) తెలియజేయాలి; సంప్రదింపులు కోరడానికి వారికి 30 రోజుల గడువు ఉంటుంది. ఫెడరల్ గుర్తింపు లేకపోయినా, రాష్ట్ర నేటివ్ అమెరికన్ హెరిటేజ్ కమిషన్ జాబితాలో ఉన్న తెగలకూ ఇది వర్తిస్తుంది. ప్రాజెక్టును ఆపే అధికారం మాత్రం వారికి లేదు, జవాబు రాకపోతే ఏజెన్సీ ముందుకు సాగవచ్చు. అయితే కొన్ని తెగల కార్యాలయాల్లో ఇలాంటి ఉత్తరాలన్నీ చూసుకునేది ఒక్కరే కాబట్టి, ఒకసారి ఫోన్ చేయించడం మంచిది.

అయితే రాష్ట్ర హెల్త్ అండ్ సేఫ్టీ కోడ్‌లోని 7050.5 సెక్షన్‌కు ఈ గడువులతో సంబంధం లేదు. ప్రైవేటు స్థలమైనా సరే, మానవ అవశేషాలు బయటపడిన క్షణమే అక్కడ పని ఆపి కౌంటీ కరోనర్‌కు (మరణాలపై విచారణ జరిపే అధికారికి) తెలపాలి. అవి నేటివ్ అమెరికన్లవని కరోనర్ భావిస్తే 24 గంటల్లో కమిషన్‌కు చెబుతారు. కమిషన్ గుర్తించిన వారసులు, స్థలంలోకి అనుమతి దొరికిన 48 గంటల్లోగా ఏం చేయాలో సూచిస్తారు.

నేను పనిచేసిన ఒక నీటి పైప్‌లైన్ ప్రాజెక్టులో రికార్డుల్లో ఏమీ లేదు, ఉత్తరాలకూ జవాబు లేదు. తీరా కందకంలో గోధుమరంగు బంకమట్టి కింద, గవ్వముక్కలు కలిసి చేతికి జిడ్డుగా తగిలే, పాత నివాసానికి గుర్తైన నల్లమట్టి పొర కనిపించగానే, మాతో ఉన్న పురావస్తు నిపుణురాలు చెయ్యెత్తి ఎక్స్‌కవేటర్‌ను ఆపించారు. కాసేపటికే ఎముక బయటపడింది. వచ్చిన వారసురాలు ఫొటోలు తీయవద్దన్నారు. అవశేషాలనే కాక అక్కడ తవ్విన మట్టిని కూడా బయటికి తరలించకుండా అక్కడే పూడ్చమని కోరారు. చివరికి పైపు దారి మార్చాం. నిలబడిపోయిన యంత్రాల అద్దె ఎవరు భరించాలన్న పేచీ మాత్రం, కాంట్రాక్టులో ఆ మాటే లేనందువల్ల, చాలాకాలం నడిచింది.

మన దేశంలో కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల నిషేధిత ప్రాంతం ముందే తెలిసి ఉంటుంది. ఇక్కడ సమాధుల చోటును తెగ అనుమతి లేకుండా బహిరంగ నివేదికలో పెట్టకూడదు కనుక, మీ చేతిలోని నివేదికలో ఏమీ కనిపించకపోవడం ఏ భరోసా ఇవ్వదు. టెండరు పిలవకముందే పని ఆపించే అధికారం ఎవరిదో, ఆగిన రోజులకు యంత్రాల రేటు ఎంతో ఒప్పందంలో రాయించండి.