‘పగలు ఒంటరిగా ఉంటారా?’ అని షీటులో అడగకండి

సందేహం: మాది కూకట్‌పల్లిలో పెద్ద అపార్ట్‌మెంట్. నాన్నగారు పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. పగలంతా ఒక్కతే ఉంటోంది. ఇరుగుపొరుగుతో పరిచయాలు పెరిగే యాప్ ఏదైనా ఉందా? అసోసియేషన్ వారు పెద్దవాళ్ల వివరాలు గూగుల్ షీటులో నింపమంటున్నారు. నింపవచ్చా?

జవాబు: నింపకండి. ఇలాంటి షీట్ల గురించి మెయిళ్లు వస్తూనే ఉన్నాయి. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఫ్లాట్ నంబరు, పేరు, వయసు, ఫోను, ఆ పక్క గడిలో ‘పగలు ఒంటరిగా ఉంటారా? అవును/కాదు’ అని ఉంది. ఉద్దేశం మంచిదే. కానీ లింకు ఉన్నవాళ్లెవరైనా తెరిచేలా పెట్టారు! అది చేతులు మారితే ‘డిజిటల్ అరెస్ట్’ ముఠాలకు జాబితా అందించినట్టే. పోలీసులమంటూ వీడియో కాల్‌లో గంటల తరబడి కూర్చోబెట్టి డబ్బు గుంజే ఆ ముఠాలకు పక్కన మరో మనిషి లేని పెద్దవాళ్లు సులువుగా చిక్కుతారు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదని అమ్మగారికి ఈ రోజే చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి.

ఆ గడి చెరిపేస్తే సరిపోదు. మార్పులు చేసే అనుమతి ఉన్నవాళ్లకు వెర్షన్ హిస్టరీలో పాత షీటు కనిపిస్తుంది. అవసరమైన వివరాలతో కొత్తది తయారుచేసి, ఇద్దరు ముగ్గురికే అనుమతి ఇచ్చి, పాతదాన్ని బిన్‌లోంచి కూడా తీసేయమనండి.

ఇక యాప్ సంగతి. అపార్ట్‌మెంట్లలో రాకపోకలు చూసే గేటు యాప్‌లు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వచ్చినవాళ్లను ఆపడానికి, మెయింటెనెన్స్ బకాయి గుర్తు చేయడానికి, ఫిర్యాదు రాయడానికి బటన్లుంటాయి. ‘సాయంత్రం గుడికి ఎవరైనా వస్తారా’ అని అడగడానికి చోటున్నా అది ఏ మూలనో ఉంటుంది. ఒంటరితనం ఆరోగ్య సమస్యేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రత్యేక కమిషన్ వేసింది. ఈ యాప్‌లు తయారుచేసేవాళ్లకు మాత్రం మనిషంటే గేటు దగ్గర అనుమతి కోసం నిలబడ్డ సందర్శకుడే. వాట్సాప్ గ్రూపులోనూ అంతే. ఒక్క గొడవ జరగగానే అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా తాళం వేస్తారు.

మీ అంతస్తు వరకే చిన్న గ్రూపు పెట్టండి. ‘ఐదింటికి నడకకు ఎవరు వస్తారు?’ అని పోల్ పెట్టండి. అమ్మగారి తరఫున మీరు రాయవద్దు. వాయిస్ మెసేజ్ పంపడం ఆమెకే నేర్పండి. ఆమె ఫోనులో వాట్సాప్ సెట్టింగ్స్, ప్రైవసీ, గ్రూప్స్‌లోకి వెళ్లి ‘మై కాంటాక్ట్స్’ ఎంచుకోండి. అప్పుడు ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆమెను పెట్టుబడుల గ్రూపుల్లోకి నేరుగా చేర్చలేరు.