గడువు తీరిన డొమైన్ వెనక్కి వస్తుందా?

ప్రశ్న: చిత్తూరులో మా ట్రస్టు వెబ్‌సైటు ఆగిపోయింది. డొమైన్ కొన్న వాలంటీరు బెంగళూరు వెళ్ళిపోయాడు. ఏం చేయాలి?

ముందు ఐకాన్ (ICANN, డొమైన్ పేర్ల వ్యవస్థను సమన్వయం చేసే సంస్థ) లుకప్ పేజీలో మీ డొమైన్ పేరు, అంటే సైటు చిరునామా, కొట్టండి. రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన కంపెనీ) ఎవరో, గడువు ఎప్పుడు తీరిందో, ఇప్పటి స్థితి ఏమిటో తెలుస్తుంది. ‘రిడెంప్షన్ పీరియడ్’ (తొలగించిన పేరును పాత యజమాని విడిపించుకునే గడువు) అని ఉంటే .కామ్, .ఆర్గ్ పేర్లకు ఆ దశ 30 రోజులే. పాత రిజిస్ట్రార్ ద్వారానే, అదనపు రుసుము కట్టి విడిపించుకోవాలి. ‘పెండింగ్ డిలీట్’ (పూర్తిగా తొలగించే ముందు దశ) ఒక్కటే కనిపిస్తే మాత్రం చేయగలిగింది లేదు, ఐదు రోజుల్లో ఆ పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. కాబట్టి ఈరోజే ఆ అబ్బాయికి ఫోన్ చేసి లాగిన్ తీసుకోండి. హోస్టింగ్‌కు (సైటు ఫైళ్ళు ఉంచే సర్వర్ చోటుకు) డబ్బు కట్టినంత మాత్రాన డొమైన్ రాదు.

ఇంకొకటి, అసలు చిక్కు ఇక్కడే: రిజిస్ట్రార్ ఖాతాకు ఆగిపోయిన అదే డొమైన్‌తో నడిచే మెయిల్ ఇచ్చి ఉంటే, పాస్‌వర్డ్ మార్చే మెయిల్ కూడా అందదు. ట్రస్టు పేరిట వేరే జీమెయిల్ పెట్టి, ఇద్దరు సభ్యులకు అప్పగించండి.