పాలంపేటకు ఒక పూట

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, మామ ఆశీస్సులు.

ఈ ఆదివారం మీ అత్తగారిని, మామగారిని తీసుకుని ఒక్క పూటలో రామప్ప గుడి, లక్నవరం చెరువు, వీలైతే బొగత జలపాతం కూడా చూసి రావాలనుకుంటున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. బిడ్డా, అది పూట ప్రయాణం కాదు, ఆగమాగం. బొగతకు వాజేడు దాకా పోవాలి, దానికి ఒక రోజంతా కావాలి. లక్నవరమేమో రామప్ప గుడి ఉన్న పాలంపేట నుంచి ముప్పై కిలోమీటర్ల దాకా ఉంటుంది. వేలాడే వంతెన, పడవ, దీవి అని దిగితే మూడు గంటలు ఎట్లా పోయాయో తెలియదు. మీకున్నది పూట. ఆ పూటంతా పాలంపేటకే ఇవ్వండి. గుట్టల మధ్య చెరువు, చెరువు కింద ఊరు, ఊరి పక్కన గుడి, మూడూ దగ్గరదగ్గరే ఉన్నాయి. కాకతీయుల కాలంలో గుడి, చెరువు, ఊరు కలిపే కట్టేవారు. ఆ మూడింటినీ ఒకే చోట చూడాలంటే మన దగ్గర ఇంతకంటే మంచి తావు లేదు.

ముందు బండి సంగతి. కార్ల వాళ్ల లెక్కలో హాఫ్ డే అంటే 4 గంటలు, 40 కిలోమీటర్లు. ఫుల్ డే అంటే 8 గంటలు, 80 కిలోమీటర్లు. హన్మకొండ నుంచి పాలంపేటకు రానూ పోనూ 140 దాకా అవుతుంది. హాఫ్ డే రేటు విని చవక అనుకుంటే, ఇంటి ముందు దిగేటప్పుడు వంద కిలోమీటర్ల ఎక్స్‌ట్రా బిల్లు చేతిలో పెడతారు. అందుకే ప్యాకేజీ మాట ఎత్తకుండా "అప్ అండ్ డౌన్, మూడున్నర గంటల వెయిటింగ్, డ్రైవర్ బత్తా, అన్నీ కలిపి ఎంత" అని ఒకే మాటగా అడుగు. ఒప్పుకున్న మొత్తాన్ని వాట్సాప్‌లో రాయించుకో. ఇంకొకటి, మీ ఇద్దరు, పిల్లలిద్దరు, అత్తమామలు, మీ ఆడబిడ్డ కలిపి ఏడుగురు. ఎర్టిగాలో ఏడు సీట్లంటే డ్రైవర్‌తో కలిపి ఏడు. ఇది చాలామందికి బండి గుమ్మం ముందుకు వచ్చాకే గుర్తొస్తుంది. ఏడుగురూ, డ్రైవరూ పట్టే ఇన్నోవా గానీ తుఫాన్ బండి గానీ మాట్లాడు. మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులు కాబట్టి ఆమెను వెనక సీట్లోకి ఎక్కించొద్దు. నడిమి సీట్లో తలుపు పక్కన కూర్చోబెట్టు.

పొద్దుగాల 5:15కు బండి కదలాలి. 5:15 అంటే ఆ టైముకు బండి కదలడం, ఇంట్లో కాఫీ తాగడం కాదు. ఆరేపల్లి, ఆత్మకూరు, మల్లంపల్లి దాటి ములుగు రోడ్డు పట్టుకుంటే తొవ్వ బాగానే ఉంటుంది. అయితే కార్తీకంలో తెల్లవారుజామున మంచు కమ్ముతుంది, డ్రైవర్‌ను తొందరపెట్టొద్దు. ములుగుకు ముందు గట్టమ్మ తల్లి గుడి దగ్గర మొక్కడానికి డ్రైవర్ బండి ఆపుతాడు. ఆపొద్దు అన్నా ఆపుతాడు, కాబట్టి ఆ పది నిమిషాలు ముందే లెక్కలో వేసుకో. ములుగులో టీ తాగండి. బాత్రూం పని కూడా అక్కడే ముగించుకోండి. ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర ఎడమకు తిరగాలి. నేరుగా పోతే చల్వాయి, గోవిందరావుపేట, పస్రా వస్తాయి, అది మేడారం తొవ్వ. జాతర ఏడాది మాఘ పౌర్ణమికి నెల ముందు నుంచే ఈ రోడ్డు మీద బండ్లు ఆగి ఆగి పోతుంటాయి. అప్పుడైతే ఈ ప్రయాణం పెట్టుకోవద్దనే చెప్పేవాణ్ని.

జంగాలపల్లి నుంచి లోపలి రోడ్డు ఇరుకు. ఇప్పుడు కోతల కాలం. రైతులు వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు. సగం రోడ్డు వడ్లు, వాటి అంచున బండ్లు ఎక్కకుండా రాళ్లు. మంచులో ఆ రాళ్లు కనబడవు. టైరుకు తగిలితే పంక్చరు, బైకు మీద పోయేవాళ్లైతే కింద పడడమే. డ్రైవర్‌కు ముందే చెప్పి ఆ పది కిలోమీటర్లు నెమ్మదిగా పోనివ్వు.

ఏడు గంటలకల్లా గుడి దగ్గర ఉండాలనడానికి రెండు కారణాలు. కార్తీకంలో ఆదివారం పది దాటితే వనభోజనాల బస్సులు దిగుతాయి, గైడు మాట పక్కవాడికి కూడా వినబడదు. అసలు కారణం మాత్రం వెలుగు. గుడి తూర్పు ముఖం. ఈ నెలలో సూర్యుడు కొంచెం దక్షిణానికి జరిగి ఉదయిస్తాడు. అందుకే పొద్దున్నే తూర్పు వాకిలి మీద, దక్షిణ వాకిలి మీద ఏటవాలుగా ఎండ పడుతుంది. చూరు కింద ఉన్న మదనికలు, అంటే ఆడవాళ్ల శిల్పాలు, నల్లరాయి బొమ్మలు. పొద్దు నెత్తి మీదికి వస్తే చూరు నీడలో నల్లగా ముద్దలా కనిపిస్తాయి. ఏటవాలు వెలుగులోనైతే హారంలో పూసలు కూడా లెక్కపెట్టొచ్చు. ఉత్తరం వైపు ఈ నెలలో రోజంతా నీడే, దాన్ని చివరికి పెట్టుకోండి. ఫోన్‌తో ఫొటో తీసేటప్పుడు వెనకాల ఆకాశం పడితే బొమ్మ నల్లబడుతుంది. తెరమీద బొమ్మ ముఖం దగ్గర వేలితో తట్టి, వెలుగు పెంచి అప్పుడు తీయి.

ఇక గైడు. గైడు లేకుండా రామప్ప చూస్తే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. సరిగ్గా చెప్పని గైడుతో చూసినా అంతే. మాట్లాడుకునేటప్పుడు మూడు సంగతులు తేల్చుకో. రేటు గుంపుకా, మనిషికా? ఎంతసేపు చెబుతాడు? చెరువు కట్ట దాకా వస్తాడా? గంటన్నర కంటే తక్కువ అంటే ఇంకొకరిని అడుగు. చాలామంది గైడ్లు చేసేది ఒకటే. స్వరం పలికే స్తంభం, ఎత్తు మడమల చెప్పులేసుకున్న వేటగత్తె, నీళ్లలో తేలే ఇటుక, ఈ మూడు చూపించి చేతులు దులుపుకుంటారు. మార్కోపోలో ఈ గుడిని నక్షత్రం అన్నాడని కూడా చెబుతారు. దానికి ఆధారం ఎక్కడా లేదు, విని ఊరుకో. వాదం పెట్టుకుంటే టైము పోతుంది.

ఆవరణలో చిన్న మండపం కింద నిలబెట్టిన శాసనం దగ్గర మొదలుపెట్టమని నువ్వే అడుగు. గుడి ఎవరు కట్టించారో, ఎప్పుడో అందులోనే ఉంది. శక సంవత్సరం 1135, శ్రీముఖ నామ సంవత్సరం, చైత్ర శుద్ధ అష్టమి, ఆదివారం. అంటే 1213. కట్టించింది కాకతీయ రాజు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. దేవుడు రుద్రేశ్వరుడు. రామప్ప శిల్పి పేరని జనం చెప్పుకునే మాట. శిల్పి పేరుతో గుడిని పిలుచుకోవడం మనవాళ్ల గొప్పతనమని మీ మామగారు తప్పకుండా అంటారు, అననివ్వు.

తరవాత లోపలికి పోకుండా బయట చుట్టూ ఒక ప్రదక్షిణ. గుడి ఆరడుగుల ఎత్తు అరుగు మీద, నక్షత్రం ఆకారంలో ఉంటుంది. గోడల అడుగు భాగంలో ఏనుగుల బారు సాగుతుంది. ఒక్క ఏనుగులాగా ఇంకొకటి ఉండదంటారు. పిల్లల్ని దాంట్లోకి దింపు, తొండాలు పోల్చి చూస్తూ పావుగంట నీ జోలికి రారు. గోడలు ఎర్ర ఇసుకరాయి, స్తంభాలూ మదనికలూ డోలరైట్ అనే గట్టి నల్లరాయి. ఎనిమిది వందల ఏండ్లకు ఎర్రరాయి అక్కడక్కడా రాలింది, నల్లరాయి నునుపు ఇంకా పోలేదు. ఈ తేడా గైడు చెప్పకపోతే నువ్వే అడుగు.

చెప్పులు బయట వదలాలి కదా. ఈ నెలలో ఏడు గంటలకు రాయి మంచు తడితో జివ్వుమంటుంది, ఎండాకాలం పది దాటితే కాలుతుంది. నూలు సాక్సులు తెచ్చుకోండి. కానీ మండపంలోకి ఎక్కేముందు మీ అత్తగారి సాక్సులు విప్పించు. నున్నటి రాయి మీద సాక్సులతో జారితే ఆ వయసులో తుంటి ఎముకే పోతుంది. మెట్లు నిటారుగా ఉంటాయి, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అల్లుడు ముందు ఎక్కి చెయ్యి ఇవ్వాలి, ఇంకొకరు వెనక ఉండాలి. దిగేటప్పుడు పక్కవాటుగా ఒక్కో మెట్టూ దిగమను.

లోపల చీకటి. ఫోన్ లైటు చాలదు, టార్చి కావాలి. రంగమండపం నడుమ నిలబడి టార్చి పైకప్పుకు నేరుగా కొట్టకుండా పక్క నుంచి ఏటవాలుగా కొట్టు, చెక్కడం లోతు అప్పుడే తెలుస్తుంది. దూలాల మీద మద్దెలవాళ్లు, నర్తకులు వరసగా ఉంటారు. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ కాకతీయుల కాలపు పేరిణి నాట్యాన్ని మళ్లీ నిలబెట్టింది ఈ బొమ్మల్లోని భంగిమలు చూసే. గర్భగుడి వాకిలి పక్కన వేణుగోపాలుడి చెక్కడం దగ్గర గైడు వేలితో తట్టి స్వరం వినిపిస్తాడు. వినండి. పిల్లల చేత మాత్రం తట్టించొద్దు, వచ్చిన ప్రతివాళ్లూ తట్టీ తట్టీ అక్కడ రాయి జిడ్డెక్కింది.

అక్కడే ఒకసారి కిందికి చూడు. నేల సమంగా ఉండదు, అలలాగా ఎగుడుదిగుడు. ఎందుకని గైడును అడుగు. ఈ గుడి పునాదిలో ఇసుక నింపారు. భూమి కదిలినప్పుడు ఇసుక ఆ ఊపును మింగుతుంది. నేల కుంగినా, దూలాలు పగిలినా గుడి కూలలేదు. తేలే ఇటుక సంగతి కూడా ఇక్కడే కలుస్తుంది. శిఖరం రాతితో కట్టి ఉంటే ఆ బరువంతా గర్భగుడి మీద, దాని కింద కుంగే నేల మీద పడేది. అందుకే లోపల సందులుండే తేలిక ఇటుక కాల్చి వాడారు. అది ఘన సెంటీమీటరుకు ఒక గ్రాము కంటే తక్కువ తూగుతుంది కాబట్టి నీళ్లలో తేలుతుంది. తేలడం కోసం చేసింది కాదు, బరువు తగ్గించడానికి చేసింది. 2021 జూలై 25న యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఇసుక పునాదినీ, తేలిక ఇటుకనూ ప్రత్యేకంగా చెప్పుకున్నారు. పక్కన కామేశ్వరాలయం రాళ్లు విప్పి మళ్లీ పేర్చే పని పురావస్తు శాఖ చేపట్టింది, అటూ ఒక చూపు వేయండి.

ఎనిమిదిన్నరకు గుడి దగ్గర పని అయిపోవాలి. టిఫిన్ ఇంటి నుంచే తెచ్చుకోండి. పులిహోర, సర్వపిండి అయితే చల్లారినా బాగుంటాయి, పాడైపోవు. పెరుగన్నం వద్దు. మనిషికి లీటరు నీళ్లు. తినేది కారులోనే, అద్దాలు ఎత్తుకుని. పిల్లవాడి చేతిలో చిప్స్ ప్యాకెట్ కనబడితే కోతులు ఊరుకోవు. ప్యాకెట్ లాక్కుంటే వదిలెయ్యమని పిల్లలకు ముందే చెప్పు, కరవడమూ గీరడమూ తిరిగి లాక్కోబోయినప్పుడే.

తొమ్మిదికి చెరువు కట్ట మీద ఉండాలి. ఈ చెరువు కట్టిన తీరు చూడు. చుట్టూ గుట్టలున్నాయి, వాటి నడుమ సందు ఎక్కడుందో అక్కడే కట్ట పోశారు. మూడు వైపులా కట్ట పోయాల్సిన పని గుట్టలే చేసి పెట్టాయి. కట్ట మీద నిలబడితే ఒక పక్క నీళ్లు, గుట్టలు. ఇంకో పక్క బాగా కిందికి పొలాలు. నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో, పొలం ఎంత దిగువన ఉందో ఒక్కసారి అటూ ఇటూ చూస్తే తూము పని పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మంచు తొమ్మిది దాటాకే విడుస్తుంది కాబట్టి చెరువును గుడి తరవాత పెట్టమన్నాను. ముందు చెరువుకు పోతే తెల్లటి తెర తప్ప గుట్టలు కనబడవు.

పడవ ఉంటే ఎక్కండి. లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకున్నాకే. పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ వేస్తే నీళ్లలో తల మీదుగా జారిపోతుంది. భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడు, చెవులు దాటి వస్తే అది వద్దు. చిన్న సైజు లేదంటే పిల్లల్ని ఎక్కించొద్దు, ఏడ్చినా సరే. కట్ట లోపలి వాలుకు పేర్చిన రాళ్లు నాచు పట్టి ఉంటాయి. సెల్ఫీ కోసమని, కాళ్లు కడుక్కోవాలని దాని మీదికి ఎవరూ దిగొద్దు. జారితే అందుకోవడానికి పట్టు దొరకదు.

ఎప్పుడైనా వానాకాలంలో చెరువు నిండి మత్తడి దుంకుతోందని, అంటే అలుగు పారుతోందని విని పోవాలనిపిస్తే, ముందు రోజు వాన కబురు చూసుకుని పో. 2023 జూలైలో ఇదే వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైన వాన పడింది. అటు వైపు వాగులు అంచెలంచెలుగా పెరగవు, ఒక్కసారి మీదికొస్తాయి. రోడ్డు మీద నీళ్లు పారుతుంటే కారు దాటుతుందని డ్రైవర్ అన్నా ఆగిపోవాలి.

పదింబావుకు బండెక్కితే పన్నెండున్నర లోపు ఇంట్లో ఉంటారు. "ఇంత దూరం వచ్చాం, లక్నవరం కూడా" అని జంగాలపల్లి క్రాస్ దగ్గర ఎవరో ఒకరు అంటారు. చాలావరకు అది మీ ఆడబిడ్డే. లక్నవరానికి ఇంకో ఆదివారం ఉంటుందని ఇంట్లోనే చెప్పి ఉంచు. బండి క్రాస్ దగ్గర నిలబెట్టి తేల్చుకునే మాట కాదది.

శనివారం సాయంత్రం డ్రైవర్‌కు మళ్లీ ఫోన్ చేసి టైము గుర్తుచెయ్యి, డీజిల్ అప్పుడే పోయించుకోమను. గైడుకు ఇవ్వడానికి, పడవ టికెట్టుకు చిల్లర నోట్లు విడిగా పెట్టుకో. పెద్ద టార్చి మా ఇంట్లో ఉంది, ఛార్జింగ్ పెట్టి ఉంచుతాను. శనివారం అల్లుణ్ని పంపి తెప్పించుకో.

ఇట్లు,
మీ మామ