టెక్ సందేహాలు: చిన్నకొడుకింటికి వెళ్లొచ్చేసరికి తాత లేడు

ప్రశ్న: ద సిమ్స్ 4 అనే, మనుషుల్ని తయారుచేసి వాళ్ల కాపురాలు నడిపించే కంప్యూటర్ ఆటలో ఒకే కుటుంబాన్ని మూడు తరాలుగా ఆడుతున్నాను. తాత, మామ్మ పెద్దకొడుకు దగ్గరే ఉన్నారు. చిన్నకొడుక్కి పెళ్లి చేసి వేరు కాపురం పెట్టించాను. కొన్నాళ్లు వాళ్లింట్లో ఆడి పాత ఇంటికి వస్తే తాత చనిపోయి ఉన్నాడు. వేరే ఇంట్లో ఉన్న మేనత్త ఉద్యోగం మానేసి పిల్లను దత్తత తీసుకుంది. సేవ్ (ఆట దాచుకున్న ఫైలు) పాడైందా? – ఒక పాఠకురాలు, బొబ్బిలి

సేవ్ బాగానే ఉందమ్మా, టెన్షన్ పడకండి. కానీ తాత పోవడం మీరు చూడలేకపోయారే, అది మాత్రం నాకూ బాధగానే ఉంది, ఎందుకంటే నేనూ విజయనగరంలో కూర్చుని నాలుగు ఇళ్లు నడుపుతున్నాను, మొదటి తరం మామ్మని ఇలాగే పోగొట్టుకున్నాను.

మీకు జరిగినవి రెండు వేర్వేరు సంగతులు. ఈ ఆటలో ఊరంతటికీ కాలం ఒక్కటే. మీరు చిన్నకొడుకింట్లో ఉన్నా పెద్దింట్లో వయసులు పెరుగుతూనే ఉంటాయి. అదే 2004లో వచ్చిన సిమ్స్ 2లో అయితే ఏ ఇంటి గడియారం ఆ ఇంటిదే, మీరు వెళ్లేదాకా ఆగి ఉండేది. ఇక్కడ గేమ్ ఆప్షన్స్‌లో గేమ్‌ప్లే తెరిచి, ప్లేయ్డ్ సిమ్స్‌కి (మీరు ఆడే మనుషులకి) ఆటో ఏజ్, అంటే వయసు తనంతట పెరగడం, అన్నచోట మీరు ఆడుతున్న ఇంటికే వర్తించేది ఎంచుకోండి. అన్‌ప్లేయ్డ్ సిమ్స్‌కి (మీరు ఆడనివాళ్లకి) వేరే టిక్కు ఉంటుంది, అదీ తీసేయండి. ఇకమీద మీరు లేనప్పుడు ఎవరూ ముసలివాళ్లు కారు.

ఇందులో ఒక చిక్కుంది. పెద్దింట్లో ఆట లెక్కన ఇరవై రోజులు ఆడి, చిన్నింట్లో మూడే రోజులు ఆడితే, అన్న పిల్లలు బడికి వెళ్లే వయసుకి వచ్చేసరికి తమ్ముడి పిల్లలు ఇంకా పాకుతుంటారు. ఒకే ఏడు పుట్టిన అన్నదమ్ముల పిల్లలకి అంత తేడా వస్తే కథ చెడుతుంది. అందుకే నేను ఏ ఇంట్లోనైనా సరిగ్గా ఏడు రోజులే ఆడతాను, ఆదివారం రాత్రి ఆపేస్తాను, ఏ ఇల్లు ఎక్కడ ఆగిందో నోటుపుస్తకంలో రాసుకుంటాను. పుస్తకం ఎందుకు అంటారేమో, నాలుగో ఇంటికి వచ్చేసరికి మొదటింట్లో ఎవరు గర్భవతో, ఎవరికి ఎవరితో గొడవో గుర్తుండదు, నిజంగా. అంత లెక్క వద్దనుకుంటే వయసు పూర్తిగా ఆపేసి, మీకు తోచినప్పుడు కేకు చేయించి కొవ్వొత్తులు ఊదిస్తే సరి, ఆ సిమ్ తర్వాతి దశకి వెళ్తుంది.

ఇక మేనత్త దత్తత. అది నైబర్‌హుడ్ స్టోరీస్ పని. 2021 చివర్లో వచ్చిన ఈ సదుపాయం మీరు ఆడని ఇళ్లలో ఉద్యోగాలు, పిల్లలు, ఇల్లు మారడాలు తనంతట తానే జరిపిస్తుంది. మేనేజ్ హౌస్‌హోల్డ్స్‌లో ఆ ఇల్లు అదర్ హౌస్‌హోల్డ్స్ కింద ఉంటే, పక్కనున్న గుర్తు నొక్కి మై హౌస్‌హోల్డ్స్‌లోకి తెచ్చుకోండి. తర్వాత స్టోరీస్ సెట్టింగుల్లో ఏవి జరగొచ్చో ఒక్కొక్కటిగా చూసి ఆపండి. నేనైతే చుట్టుపక్కల ఇళ్లకి వదిలేస్తాను, ఊరు బతికినట్టుంటుంది. రక్తసంబంధీకుల ఇళ్లకి మాత్రం అన్నీ ఆపేస్తాను.

దూరపు బంధువుల్ని కూడా ఇలాగే మై హౌస్‌హోల్డ్స్‌లో పెట్టుకోండి, ఇది చాలా ముఖ్యం. సేవ్‌లో సిమ్స్ సంఖ్యకి మామూలుగా 200 అని పరిమితి ఉంటుంది. అది దాటితే ఇల్లు లేని, మీరు ఆడని వాళ్లని ఆట తీసేస్తుంది, వాళ్లతో పాటు వంశవృక్షంలోనూ ఖాళీలు పడతాయి.

ఉమ్మడి కుటుంబం పెట్టాలనుకునేవాళ్లు ఇంకొకటి గమనించండి. ఒక ఇంట్లో ఎనిమిది మందే. మన పల్లెల్లో గోడకి గోడ ఆనుకుని వరస ఇళ్లు ఉంటాయి కదా, అన్నదమ్ములు పక్కపక్కనే వేరు పొయ్యిలతో ఉండేవి, అలాంటిది కావాలంటే 2023 డిసెంబరులో వచ్చిన ఫర్ రెంట్ అనే అదనపు ప్యాక్ కొనాలి. అందులో ఒకే స్థలంలో ఆరు వాటాల దాకా చేసుకోవచ్చు.

పోయిన తాతని తెచ్చుకోవాలంటే, లోడ్ గేమ్‌లో మీ సేవ్ దగ్గరున్న రికవర్ చూడండి. అంతకుముందు ఐదు సేవ్‌ల దాకా అక్కడ ఉంటాయి. చిన్నింటికి వెళ్లకముందుది దొరికితే మీ అదృష్టం.

ప్రశ్న: గాలివానకి కరెంటు పోయి డెస్క్‌టాప్ ఆగిపోతుంటుంది. రెండో తరం దాకా వచ్చిన సేవ్ పోతుందేమోనని భయం. – పలాస

తిత్లీ తుఫాను వచ్చిన 2018 అక్టోబరు చూసినవాళ్లకి ఈ భయం గురించి చెప్పక్కర్లేదు. డాక్యుమెంట్స్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, అందులో ద సిమ్స్ 4, అందులో సేవ్స్ అనే ఫోల్డరు ఉంటుంది. వారానికొకసారి దాన్ని మొత్తంగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి, ఆ పెన్‌డ్రైవ్ కంప్యూటరుకి తగిలించి వదలొద్దు. ఆటలో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారే ముందు ప్రతిసారీ సేవ్ యాజ్ వాడి కొత్త పేరుతో దాచండి.

ప్రశ్న: ఫోన్‌లో ఈ ఆట దొరుకుతుందా? డబ్బు కట్టాలా? – రాజాం

సిమ్స్ 4 ఫోన్లకి లేదు. కంప్యూటరు, మ్యాక్, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్‌లలో ఆడొచ్చు. అసలు ఆట 2022 అక్టోబరు 18 నుంచి ఉచితం, ప్యాకులకే డబ్బు. పైన చెప్పినవాటిలో ఆరు వాటాలు తప్ప మిగతావన్నీ ఆ ఉచిత ఆటలోనే ఉన్నాయి.