పగ ఒక్కటే చాలదు, ఆగి ఆలోచించే గడువు పోయినప్పుడే పెద్ద యుద్ధం వస్తుంది

మీరు రెండు సంగతులు అడిగారు. దేశాల మధ్య ఏళ్ల తరబడి వైరం ఉంటే అది ఎప్పటికైనా పెద్ద యుద్ధంగా మారాల్సిందేనా అన్నది ఒకటి. 1914లో ఒక్క యువరాజును చంపితే ప్రపంచమంతా ఎలా అంటుకుంది అన్నది రెండోది. రెండింటికీ నా జవాబు ఒకటే కాబట్టి కలిపి రాస్తున్నా, కొంచెం పొడవైనా చదవండి.

మారాల్సిందేమీ లేదు. అమెరికా, సోవియట్ యూనియన్ నలభై ఏళ్లకు పైగా ఒకదాన్నొకటి చూసి పళ్లు నూరుకున్నాయి, అయినా నేరుగా యుద్ధానికి దిగలేదు. వైరం పెద్ద యుద్ధమయ్యేది ఎప్పుడంటే, ఒకడు జాగ్రత్త కోసం సిద్ధపడుతుంటే అవతలివాడికి అది దాడికి సన్నాహంలా కనబడి, వాడు ఇంకా తొందరపడి, వాడి తొందర చూసి వీడు మరింత తొందరపడి, చివరికి ఎవరికీ ఒక రోజు ఆగి ఆలోచించే వీలు లేకుండా పోయినప్పుడు. ఈ మాట పుస్తకాలు చదివి మాత్రమే అనడం లేదు.

నాది కర్నూలు జిల్లా, పత్తికొండ వైపు. ఆర్మీలో ఇంజినీర్ రెజిమెంట్‌లో పనిచేసి రిటైరై ఇప్పుడు ఊళ్లోనే సేద్యం చేసుకుంటున్నా. 2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగాక మన ప్రభుత్వం సైన్యాన్ని సరిహద్దుకు తరలించింది, దానికి ఆపరేషన్ పరాక్రమ్ అని పేరు. సెలవులన్నీ రద్దయ్యాయి. అవతల పాకిస్తాన్ కూడా తన సైన్యాన్ని తెచ్చి నిలబెట్టింది. రెండు వైపులా కలిపి లక్షల మంది, దాదాపు పది నెలలు, ఎదురెదురుగా. మా యూనిట్‌ను రాజస్థాన్‌లో శ్రీగంగానగర్ జిల్లాకు పంపారు. అక్కడ మా పని మైన్లు పాతడం.

శ్రీగంగానగర్ అంటే అందరూ ఎడారి అనుకుంటారు గానీ అది కాలువ నీళ్లు పారే నేల. జనవరిలో ఆవాల చేలు పచ్చగా పూసి, గోధుమ పైరు మోకాటి ఎత్తున ఉంటుంది. ఆ పంట చేలల్లోనే తాడు పట్టి వరసలు కొలిచి, గుంటలు తీసి, మైను పెట్టి, ఫ్యూజు బిగించి, మట్టి కప్పి, ఎక్కడెక్కడ పెట్టామో కాగితం మీద దిక్కూ దూరమూ వేసి రాసుకోవాలి. పొగమంచులో పది అడుగుల అవతల మనిషి కనపడడు, చలికి వేళ్లు కొయ్యబారిపోతాయి, ఫ్యూజు బిగించేటప్పుడు గ్లౌజులతో పట్టు దొరకదు. మా నాయన శనగ వేసే నల్లరేగడి నేల మీద పెరిగినవాణ్ని, పైరు తొక్కితేనే ఇంట్లో తిట్లు తిన్నవాణ్ని. ఒక చేను ముసలాయన గట్టు మీద నిలబడి మేము చేసేదంతా చూస్తూ ఉన్నాడు, కోపంగా కూడా లేడు. పని ముగిశాక దగ్గరికొచ్చి "ఫౌజీ, కోతలకన్నా తీసేస్తారా?" అని హిందీలో అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ కోతల్లోపు తీయలేదు, అక్టోబర్‌లో సైన్యం వెనక్కి పోయాకే తీయడం జోరందుకుంది, అది కూడా చాన్నాళ్లు పట్టింది. యుద్ధమే జరగని ఆ కాలంలో మైన్లు పేలీ, మిగతా ప్రమాదాల్లోనూ మనవాళ్లు ఎంతోమంది చనిపోయారు, కాళ్లు పోగొట్టుకున్నారు.

మేము పాతిన మైన్లు దేనికి? వాళ్ల ట్యాంకులు రాకుండా ఆపడానికి. అంటే మా లెక్కలో అది పూర్తిగా రక్షణ. కానీ గట్టు అవతల దుర్భిణీతో చూసే పాకిస్తానీ సిపాయికి ఏం తెలుస్తుంది? భారత సైన్యం వచ్చి కూర్చుంది, బంకర్లు తవ్వుతోంది, మందుగుండు దింపుతోంది, ఇంతే. వాడు అదే మాట పైకి రాస్తాడు. మేము వాళ్ల గురించి అదే రాశాం. నాకు పక్కనున్న సర్దార్జీ ఒకాయన రోజూ "వాళ్లు ఎందుకు ఇన్ని బండ్లు తెస్తున్నారు" అని అడిగేవాడు, అవతల కూడా ఇదే ప్రశ్న నడుస్తుంటుందని నాకప్పుడే అనిపించింది.

ఇప్పుడు 1914కు రండి. జూన్ 28న బోస్నియాలోని సారాయెవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ను, ఆయన భార్యను గావ్రిలో ప్రిన్సిప్ అనే కుర్రాడు కాల్చి చంపాడు. అందరూ గుర్తుపెట్టుకునేది ఇదే. కానీ ఆ తర్వాత దాదాపు నాలుగు వారాలు పైకి ఏమీ జరగలేదని ఎవరూ గమనించరు. ఆ వారాల్లోనే జర్మనీ ఆస్ట్రియాతో "మీరేం చేసినా వెనక మేమున్నాం" అంది. ఈ హత్య వెనక సెర్బియా ఉందంటూ జూలై 23న ఆస్ట్రియా ఆ దేశానికి షరతుల కాగితం ఇచ్చింది, గడువు 48 గంటలు. అక్కడి నుంచి అంతా గంటల లెక్కే. 28న సెర్బియా మీద యుద్ధం ప్రకటన. రష్యా సెర్బియా పక్షం.

రష్యా ఎందుకు పక్కకు తప్పుకోలేదు అంటారా? ఇది మా వైపు ఫ్యాక్షన్ ఊళ్లలో పెరిగినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. సారా వేలం దగ్గరో పొలం గట్టు దగ్గరో ఇద్దరు కొట్టుకుంటారు, అందులో ఒకడు ఫలానా పెద్దాయన మనిషి. ఆ పెద్దాయనకు ఆ గట్టుతో పనిలేదు, ఆ మనిషి మీద పెద్ద మమకారమూ ఉండదు, కానీ ఇవాళ వాణ్ని వదిలేస్తే రేపు తన వెంట ఎవడూ నిలబడడు. అవతలి పెద్దాయనకూ అదే బాధ. దాంతో రెండు ఇళ్లలో తెగాల్సిన తగువు ఊరంతటిదీ అయి, పిల్లలు బడికి పోయే దారులు కూడా వేరైపోతాయి. రష్యా 1908-09లో ఆస్ట్రియా బోస్నియాను కలిపేసుకున్నప్పుడు ఒకసారి వెనక్కి తగ్గి అవమానపడింది, రెండోసారి తగ్గితే బాల్కన్‌లో తన మాట ఎవరూ వినరనుకుంది. జర్మనీకి ఆస్ట్రియా తప్ప నమ్మదగ్గ తోడు లేదు. ఫ్రాన్స్ 1894 నుంచి రష్యాతో ఒప్పందంలో ఉంది, పైగా 1871లో జర్మనీకి పోగొట్టుకున్న అల్సాస్, లొరేన్ ప్రాంతాల మంట ఆరలేదు. బ్రిటన్ సంగతి వేరు. 1906లో బ్రిటన్ డ్రెడ్‌నాట్ అనే భారీ యుద్ధనౌక దించినప్పటి నుంచి జర్మనీ కూడా పోటీగా అలాంటివే కట్టుకుంటూ పోవడం వాళ్లను ఎప్పుడో రష్యా, ఫ్రాన్స్‌ల వైపు నెట్టేసింది.

అయినా నా ఉద్దేశంలో కూటములు కాదు అసలు కొంప ముంచింది, రైళ్ల టైంటేబుళ్లు. అప్పట్లో లక్షల మందిని సరిహద్దుకు చేర్చాలంటే రైళ్లే గతి, ఏ బండి ఏ వంతెన ఎన్ని గంటలకు దాటాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. రష్యా జార్ నికోలస్ జూలై 29న జర్మన్ చక్రవర్తి టెలిగ్రాం చూసి పూర్తి సమీకరణ, అంటే సైన్యాన్నంతా యుద్ధానికి కూడగట్టడం, ఆపి, ఆస్ట్రియా వైపు వరకే అన్నాడు. జనరళ్లు గొల్లుమన్నారు, సగం సమీకరణకు మా దగ్గర ప్లానే లేదు, ఇప్పుడు సగం చేస్తే తర్వాత పూర్తిగా చేయలేం అన్నారు. 30న ఆయన ఒప్పుకున్నాడు. ఆర్డర్ చేతికొచ్చాక మళ్లీ మనసు మార్చుకుంటాడేమోనని సైన్యాధికారి తన టెలిఫోన్ పగలగొట్టేస్తానన్నాడని చెబుతారు. జర్మనీ ప్లాను ఇంకా ఘోరం. రష్యా పెద్ద దేశం, సైన్యాన్ని కూడగట్టడం ఆలస్యమవుతుంది, ఆలోపు ఆరు వారాల్లో ఫ్రాన్స్‌ను ఓడించి రైళ్లెక్కి తూర్పుకు రావాలి, ఇదీ లెక్క. అంటే రష్యా సమీకరణ మొదలైన గంట నుంచీ జర్మనీకి ప్రతి రోజూ నష్టమే. అందుకే ఆగస్టు 1న రష్యా మీద, 3న ఫ్రాన్స్ మీద యుద్ధం ప్రకటించింది, 4న బెల్జియంలోకి నడిచింది, అదే రోజు బ్రిటన్ దిగింది. ఆగస్టు 1 సాయంత్రం బ్రిటన్ పక్కన ఉండొచ్చన్న కబురొస్తే కైజర్, అంటే జర్మన్ చక్రవర్తి, సంబరపడి, అయితే సైన్యాన్నంతా తూర్పుకే తిప్పండి అన్నాడు. జర్మన్ సైన్యాధిపతి మోల్ట్‌కే కుదరదన్నాడు, లక్షల మందిని అప్పటికప్పుడు తిప్పలేం, ఏడాది పాటు కూర్చుని తయారు చేసిన ఏర్పాటు అది అన్నాడు. చక్రవర్తే ఆపమన్నా ఆగని చోటికి చేరిపోయారు చూడండి, నేను ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఆ యుద్ధంలో 13 లక్షల మందికి పైగా భారతీయులు పాల్గొన్నారు, 74,000 మందికి పైగా చనిపోయారు. మా మద్రాస్ సాపర్లు, అంటే సైన్యంలో ఇంజినీర్ పని చేసే సిపాయిలు, మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్) దాకా పోయారు. సారాయెవో ఎక్కడుందో కూడా తెలియనివాళ్లు.

మరి 2002లో మనకు ఎందుకు అలా కాలేదు? అణ్వాయుధాల భయం ఉంది, అమెరికా ఒత్తిడి ఉంది, అవన్నీ నిజమే. ఇంకొకటి కూడా ఉంది. మన దాడి దళాలు దేశం నడిబొడ్డు నుంచి సరిహద్దుకు చేరడానికి మూడు వారాలు పట్టింది. ఆలోగా జనవరి 12న పాకిస్తాన్ అధ్యక్షుడు ముషారఫ్ టీవీలో మాట్లాడి ఉగ్రవాద సంస్థలను నిషేధిస్తున్నానన్నాడు. సైన్యంలో చాలామందికి ఈ ఆలస్యం అప్పట్లో చిరాకే, నాతో ఉన్నవాళ్లూ విసుక్కున్నారు. మే 14న జమ్మూ దగ్గర కాలూచక్‌లో సైనిక కుటుంబాల క్వార్టర్స్‌లో చొరబడి ఆడవాళ్లను, పిల్లలను కూడా చంపినప్పుడు, మొత్తం 30 మందికి పైగా, మా దగ్గర ఎవరూ అన్నం సరిగా తినలేదు. ఆ రోజు మమ్మల్ని పొమ్మంటే పోయేవాళ్లం. ఊళ్లో ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేస్తే మా అమ్మ కన్నా ముందు పక్కనున్నవాళ్లు "ఏమప్పా, యుద్ధం వస్తాదా?" అని అడిగేవాళ్లు. అయినా ఢిల్లీలో ఆలోచించుకున్నారు, ఆలోచించుకోవడానికి వాళ్లకు రోజులున్నాయి. ఆ రోజుల విలువ నాకు ఇప్పుడు తెలుస్తోంది.

ఎందుకంటే ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. మూడు వారాల ఆలస్యం మళ్లీ జరగకూడదని మనవాళ్లు రోజుల్లో దాడికి దిగే ఆలోచన చేశారు, కోల్డ్ స్టార్ట్ అని పేరొచ్చింది. దానికి విరుగుడుగా పాకిస్తాన్ 60 కిలోమీటర్ల దూరం పోయే నస్ర్ అనే చిన్న అణు క్షిపణి తయారు చేసి 2011లో పరీక్షించింది. ఎవరి లెక్కలో వాళ్లది జాగ్రత్తే. కానీ రెండూ కలిసి గడువును వారాల నుంచి రోజులకు కుదించాయి. 2025 ఏప్రిల్‌లో జరిగిన పహల్గాం దాడి తర్వాత మే 7న మొదలైన పోరు 10న ఆగింది, ఆ నాలుగు రోజుల్లో క్షిపణులు, డ్రోన్లు అన్నీ ఎగిరాయి. 2002లో అదే నాలుగు రోజుల్లో మా బండ్లు సగం దారిలో ఉండేవి.

గడువును పెంచుకున్న సందర్భాలూ ఉన్నాయి, అవి మన దగ్గరే ఉన్నాయి. 1986-87లో రాజస్థాన్‌లో బ్రాస్‌టాక్స్ అనే భారీ సైనిక విన్యాసం చేస్తే పాకిస్తాన్ దాడే అనుకుని బలగాలు కదిపింది, మనం కదిపాం, చాలా దగ్గరికి పోయి ఆగింది. ఆ అనుభవం తర్వాత 1988లో అణు కేంద్రాల మీద దాడి చేయకూడదని, 1991లో విన్యాసాలు చేసేముందు చెప్పుకోవాలని ఒప్పందాలు రాసుకున్నారు. క్యూబాలో సోవియట్ క్షిపణుల మీద వచ్చిన 1962 సంక్షోభంలో అమెరికా అధ్యక్షుడు కెనెడీ, సోవియట్ నేత కృశ్చెవ్‌ల మధ్య ఉత్తరం చేరడానికే గంటలు పట్టేసరికి మరుసటి ఏడాది వాషింగ్టన్, మాస్కోల మధ్య నేరుగా కబురు పంపుకునే హాట్‌లైన్ వేసుకున్నారు. 2025లో మన కాల్పులు ఆగింది కూడా రెండు దేశాల డీజీఎంఓల, అంటే సైనిక కార్యకలాపాలు చూసే పెద్ద అధికారుల, ఫోన్ మీదనే.

కాబట్టి రేపు మళ్లీ టెన్షన్ పెరిగితే, టీవీలో అరుపులు చూసి యుద్ధం వస్తుందో రాదో తేల్చుకోకండి. ఆ ఫోన్ లైన్ నడుస్తోందా, ఆ 1988 ఒప్పందం ప్రకారం జనవరి 1న రెండు దేశాలు అణు కేంద్రాల జాబితాలు ఎప్పట్లాగే ఇచ్చిపుచ్చుకున్నాయా, సైన్యంలో సెలవులు రద్దయ్యాయా, ఇవి చూడండి. నాకు భయం వేసేది ఇంకొక చోట. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున ఎగిరిపోయి పాకిస్తాన్‌లో మియాఁ చన్నూ దగ్గర పడింది, నిమిషాల్లో అయిపోయింది, వార్‌హెడ్ (పేలే మందున్న భాగం) లేదు కాబట్టి సరిపోయింది, వాళ్లూ తొందరపడలేదు. క్షిపణి పరీక్షలకు ముందు చెప్పుకోవాలన్న 2005 ఒప్పందం చాలా పైకెగిరి కిందికి పడే బాలిస్టిక్ క్షిపణులకే గానీ బ్రహ్మోస్ లాంటి, విమానంలా ఎగురుతూ పోయే క్రూయిజ్ క్షిపణులకు వర్తించదు. రెండు ప్రభుత్వాల మధ్య ఎంత కోపమున్నా ముందు కూర్చుని రాసుకోవాల్సింది ఆ కాగితం అని నా గట్టి నమ్మకం.