క్రిస్మస్‌కి ఊరు రమ్మంటే 25 పొద్దున వెళ్తే సరిపోతుందా?

మీరు అడిగింది ఇదీ: ఒంగోలు దగ్గర పల్లెకి ఆఫీసు స్నేహితుడు క్రిస్మస్‌కి రమ్మన్నాడు. మీది హిందూ కుటుంబం, ఇంతవరకు చర్చి గడప తొక్కలేదు. హైదరాబాద్ నుంచి 25 పొద్దునకి చేరి సాయంత్రం బయల్దేరితే చాలా, ఏం తీసుకెళ్లాలి, ప్రార్థన చేయమంటారేమోనని కాస్త టెన్షన్.

నేను ఆ చుట్టుపక్కలే పుట్టి పెరిగాను. మాది బాప్టిస్టు చర్చి. పదిహేడేళ్లుగా హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా, డిసెంబర్ చివరి వారం మాత్రం ఇక్కడ ఎవరికీ దొరకను.

చాలదండీ. 25న మీకు కనిపించేది పండగ అలసట. అప్పటికి సగం మందికి గొంతు పోయి ఉంటుంది, మిగతా సగం కూర్చున్న చోటే తూలుతుంటారు. 23 సాయంత్రానికల్లా అక్కడ ఉండండి.

ఎందుకంటే మా వైపు పండగంటే క్యారల్సే. రాత్రి అన్నాలు తిని చర్చి దగ్గర పోగవుతాం. డోలక్, హార్మోనియం, తాళాలు. ఈ మధ్య ట్రాక్టర్ ట్రక్కులో జనరేటరు, కీబోర్డు, ఇంటి తలుపంత స్పీకర్లు కూడా వచ్చాయి. నాకవి నచ్చవు, స్పీకర్లొచ్చాక వెనక నడిచేవాళ్లు పాడటం మానేశారు. ఇంటింటి ముందూ ఆగి ఒక పాట, చిన్న ప్రార్థన, 'హ్యాపీ క్రిస్మస్' అని ఒక్క కేక, మళ్లీ నడక. మనం వచ్చేసరికి ఇంటివాళ్లు లేచి, వాకిట్లో నీళ్లు చల్లి, ముగ్గేసి ఉంటారు. ఒకచోట టీ, ఒకచోట బిస్కెట్లు, రాత్రి రెండింటికి ఎవరో ఒకరు వేడివేడి ఉప్మా. కవర్లో పెట్టి కానుక ఇస్తారు, అది చర్చి ఖర్చులకి. మా చిన్నప్పుడు పెట్రోమాక్స్ లైటు పట్టుకునేవాడికి పాడే పని ఉండేది కాదు. అందుకే దానికోసం పాట రాని పిల్లలందరం కొట్టుకునేవాళ్లం.

ఎనిమిదేళ్లప్పుడు నేను ఒక అరుగు మీద టీ తాగుతూ అలాగే ఒరిగి నిద్రపోయాను. గుంపు వెళ్లిపోయింది. అమ్మ నేను నాన్న దగ్గరున్నాననుకుంది, నాన్న అమ్మ దగ్గరున్నాననుకున్నాడు. తెల్లారాక ఆ ఇంటి అవ్వ నా చెయ్యి పట్టుకుని చర్చి దాకా తీసుకొచ్చి, "మీ బాలయేసుని మా అరుగు మీద మర్చిపోయారర్రా" అంది. నాకు ఇరవయ్యేళ్లు వచ్చేదాకా పల్లెలో నన్ను అలాగే పిలిచారు.

ఆ అవ్వది హిందువుల ఇల్లు, ఊళ్లో ఉంటుంది. మాది పల్లె, అంటే ఊరికి బయట దళితులుండే వాడ. ఈ రెండు మాటల తేడా ఒంగోలు వైపు ఎవరికైనా తెలుసు. మా తాత చిన్నతనంలో క్యారల్స్ పల్లె పొలిమేర దాటేవి కావట. నాకు ఊహ తెలిసేసరికి ఊళ్లో నాలుగైదు ఇళ్లవాళ్లు మా ఇంటి ముందు కూడా పాడండని కబురు పెట్టేవాళ్లు. ఇప్పుడు ఒక వీధి వీధే తిరుగుతాం. ఇంకో వీధికి ఈ రోజుకీ వెళ్లం. మీ స్నేహితుడు ఇవేవీ చెప్పడు కానీ, మీరు తెలుసుకుని వెళ్తే మంచిది.

ఈ ప్రాంతంలో ఇంతమంది క్రైస్తవులు ఉండటం వెనక ఒక కరువు కథ ఉంది. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని కల్పించాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న, ఒక్క రోజులో, గుండ్లకమ్మ ఏట్లో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది దళితులే. మా ముత్తాత తండ్రి ఆ గుంపులో ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. పల్లెలో ప్రతి ఇంట్లోనూ అలాగే చెప్పుకుంటారనుకోండి.

ఇక 24 పగలు ఊరికే కూర్చోకండి, పనిలో చెయ్యి పెట్టండి. కుర్రాళ్లు వెదురు బద్దలతో స్టార్ కట్టి, రంగు గ్లేజు కాగితం అంటించి, లోపల బల్బు పెడతారు. బల్బు కాగితానికి తగలకుండా చూసుకోవాలి. ఒక ఏడాది మేం చూసుకోలేదు, చర్చి మీది స్టార్‌కి నాలుగు మూలలే మిగిలాయి. క్రిస్మస్ చెట్టు అంటే మాకు సముద్రపు ఒడ్డు తోటల్లోంచి తెచ్చిన సరుగుడు కొమ్మ. సినిమాల్లో కనిపించే చెట్టు కంటే నాకు అదే అందంగా ఉంటుంది. ఇళ్లలో అరిసెలు, చక్రాలు, ఇనప అచ్చుతో వేసే గులాబీ పువ్వులు తయారవుతుంటాయి. అరిసెలు వత్తే పని మగవాళ్లకి కూడా అప్పజెబుతారు, పాకం జోలికి మాత్రం వెళ్లకండి. అది తేడా వస్తే వచ్చే క్రిస్మస్ దాకా మీ పేరే చెప్పుకుంటారు.

ఇంకో హెచ్చరిక. కొత్త మనిషి కనిపిస్తే క్రిస్మస్ తాత వేషం వేయిస్తారు. 2011లో నా రూమ్మేట్‌ని తీసుకెళ్లాను. బక్కగా, పొడుగ్గా ఉంటాడు, నలుగురిలో నోరు విప్పని మనిషి. ఎర్ర గౌను తొడిగి, పొట్టకి దిండు కట్టి, మాస్కు పెట్టారు. ముఖం కనపడదన్న ధైర్యమేమో, డోలక్ దెబ్బకి తెల్లారేదాకా చిందులేశాడు. మరుసటి ఏడాది నవంబర్‌లోనే ఫోన్ చేసి "ఈసారి వేషం ఎవరికిస్తున్నార్రా?" అని అడిగాడు.

25 ఆరాధన సంగతి. చెప్పులు బయట విడుస్తారు, మా దగ్గర కింద పట్టాల మీదే కూర్చుంటాం, ఆడవాళ్లు ఒక వైపు, మగవాళ్లు ఒక వైపు. అందరూ లేస్తే లేవండి, కళ్లు మూసుకుంటే ఊరికే కూర్చోండి. మిమ్మల్ని ప్రార్థన చేయమని ఎవరూ అడగరు. మీ పేరు చెప్పి పాస్టరుగారు మీకోసం ప్రార్థన చేసే అవకాశం మాత్రం బాగా ఉంది, కంగారుపడకండి. బల్ల, అంటే ప్రభువు భోజనం, ఆ రోజు ఉంటే అది బాప్తిస్మం తీసుకున్నవాళ్లకి. మీరు కూర్చునే ఉంటే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు. కానుక సంచి వస్తే పది వేసినా, వంద వేసినా, వేయకపోయినా పర్లేదు. చివర్లో జనం కానుకగా తెచ్చిన కోళ్లూ గుమ్మడికాయలూ వేలం వేస్తారు. సరదాకి పాట పెంచకండి, మీ మీదే ఆగిపోతుంది.

నిజంగా ఒక్క రోజే కుదిరేట్టయితే మా పల్లెకి కాదు, మెదక్ వెళ్లండి. హైదరాబాద్‌కి వంద కిలోమీటర్ల లోపే. మిషనరీ పోస్నెట్ దొర కట్టించిన అక్కడి పెద్ద చర్చిని 1924 డిసెంబర్ 25న ప్రారంభించారు. దాన్ని కట్టడం కూడా కరువులో జనానికి పనిగానే సాగింది. లోపలి రంగు అద్దాల బొమ్మలు పగటి వెలుగు బయటినుంచి పడితేనే కనిపిస్తాయి, చీకటి పడ్డాక వెళ్తే అక్కడ ఏమీ ఉండదు. పండగ రోజు జనం మాత్రం జాతరే.

తీసుకెళ్లడానికి ఒక ప్లమ్ కేకు, ఇంట్లో పిల్లలుంటే వాళ్లకేదైనా, అంతే. మందు సీసా వద్దు, స్నేహితుడు రహస్యంగా అడిగినా వద్దు. మంకీ క్యాప్ మర్చిపోకండి. ఒంగోల్లో చలేంటని నవ్వుతారు గానీ, రాత్రి మూడింటికి ట్రాక్టర్ మీద మంచు పడుతుంటే తెలుస్తుంది. తిరుగు టికెట్ 26 రాత్రికి చూసుకోండి, ఆ వారం రైళ్లు ముందే నిండిపోతాయి. 25 మధ్యాహ్నం బిర్యానీ తిన్నాక మీరు ఎలాగూ లేవలేరు.